ఆరు స్పీకర్లు – ఒక చెవి

మొన్న సంక్రాంతికి బాపట్ల వెళ్ళినప్పుడు నాతోపాటు ఒక పెద్ద అట్టపెట్టెను మోసుకువెళ్ళాను. అందులో ఆరు స్పీకర్లు, వాటిని నడిపే ఆంప్లిఫయరు ఒకటి. నాన్నగారికి ఎనభయ్యేళ్ళు నిండాయి. పాత పాటలంటే ఆయనకు ప్రాణం. జీవితమంతా రేడియోలోనూ, టేపురికార్డరులోనూ విన్న ఆ పాటలను ఒక్కసారైనా ఆయనకు "సరిగ్గా" వినిపించాలని నా ఉబలాటం. ఎదుట రెండు, వాటి మధ్యన ఒకటి, వెనక రెండు, మూలన నేల మీద మందరస్థాయిని పలికించే పెద్ద డబ్బా ఒకటి. భోగినాడు సగం రోజు తీగలు పరచడంతోనే సరిపోయింది. "పండగ పూట ఇంటినిండా ఈ తాళ్ళేమిట్రా" అని అమ్మ విసుక్కుంది కూడాను.

అంతా సిద్ధమయ్యాక హాలు మధ్యలో, కొలత పెట్టి మరీ, నాన్నగారి కుర్చీ వేశాను. పాట మొదలైంది. అర నిమిషం గడిచిందో లేదో ఆయన లేచి, కుర్చీని ఎడమ గోడ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"అక్కడ కూర్చుంటే దీని మహిమ తెలియదు నాన్నగారూ, మధ్యలోనే కూర్చోవాలి" అన్నాను.

"నాకున్నది ఒక్క చెవిరా. మధ్యలో కూర్చుంటే సగం పాట గోడకు చెప్పినట్టుంది" అన్నారాయన.

చిన్నతనంలో చీము పట్టి నాన్నగారి ఎడమ చెవి పోయింది. ఇది నాకు కొత్త సంగతేమీ కాదు. సినిమాహాల్లో ఆయన ఎప్పుడూ ఎడమ వైపు చివరి కుర్చీలోనే కూర్చునేవారు, పనిచేసే కుడి చెవి తెర వైపుకు ఉండేలా. భోజనాల దగ్గర మేమంతా ఆయనకు కుడి పక్కనే చేరేవాళ్ళం. ఇన్నేళ్ళూ ఎరిగిన ఆ ఒక్క విషయం, ఆరు స్పీకర్లు కొన్న నాకు ఆ రోజు గుర్తు రాలేదు! అప్పటి నుంచి మనసులో తిరుగుతున్న ఆలోచనలే ఈ టపా.

ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అనే వర్గంవాణ్ణి కాను నేను. చుట్టూ నుంచి వినిపించే ధ్వనితో నాకు కలిగిన మొదటి పరిచయం నన్ను నిలువునా ముంచెత్తింది. ఇంజనీరింగు చదివే రోజుల్లో హాస్టలు మిత్రుడొకడు ఇచ్చిన క్యాసెట్టులో పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' విన్నాను. కాపీకి కాపీ తీసిన క్యాసెట్టు అది. అయినా అరిగేదాకా విన్నాను. చాలా ఏళ్ళ తరువాత హైదరాబాదులో ఒక సహోద్యోగి ఇంట అదే ఆల్బమ్‌ను 5.1 ధ్వనిలో వినే అవకాశం కలిగింది. ఆల్బమ్ వెలువడిన ముప్పయ్యేళ్ళకు, 2003లో, జేమ్స్ గత్రీ చేసిన మిశ్రమం అది. గడియారాలన్నీ ఒక్కసారిగా మోగే ఘట్టం వచ్చేసరికి నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరింట్లోనో గోడ గడియారాల మధ్య నిలబెట్టి తలుపు వేసేసినట్లయింది. క్యాసెట్టులో ఒకదానిలో ఒకటి కలిసిపోయి వినిపించిన శబ్దాలు ఇక్కడ దేనికది విడివిడిగా, తమ తమ చోట్లలో నిలబడి పలకరించాయి. ఆ రాత్రి ఇంటికి వెళుతూ, మన పాటలన్నిటికీ ఈ భాగ్యం ఎప్పుడు పడుతుందో కదా అనుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఆనందానికి కారణం కేవలం స్పీకర్ల సంఖ్య కాదని తెలుస్తున్నది. ఆ ఆల్బమ్ పుట్టుకలోనే చుట్టూ నుంచి వినే ఊహ ఉన్నది. పింక్ ఫ్లాయిడ్ బృందం 1967 మే 12న లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ హాలులో జరిపిన కచేరీలోనే శ్రోతల చుట్టూ స్పీకర్లు అమర్చి ధ్వనిని తిప్పింది. ఆల్బమ్‌ను 1972-73లో ఆబీ రోడ్ స్టూడియోలో పదహారు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. అంటే ఏ వాద్యానికి ఆ వాద్యం, ఏ గొంతుకు ఆ గొంతు చాలావరకు వేర్వేరు దారుల్లో భద్రంగా ఉన్నాయన్నమాట. ఇంజనీరు ఆలన్ పార్సన్స్ ఆ గడియారాలను రికార్డు చేసినదే నాలుగు దిక్కుల ధ్వనిని ప్రదర్శించి చూపడం కోసం. 1973లోనే ఆయన నాలుగు స్పీకర్ల మిశ్రమం కూడా తయారుచేశాడు. కాబట్టి 2003లో జరిగినది ఆ ఆల్బమ్ తన ఇంటికి తాను చేరుకోవడం. 2023లో ఆట్మాస్ రూపంలో వచ్చినప్పుడూ అంతే.

మరి మన సంగతి?

మనకు ఈ విషయంలో దగ్గరి ఉదాహరణ 'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదలైన ఆ నలుపు-తెలుపు చిత్రానికి హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులు అద్ది, దాని మోనో శబ్దాన్ని 5.1 డీటీఎస్ శబ్దంగా మలిచి, 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేసింది. మా ప్రాంతం వారికి ఆ సినిమా సొంత ఇంటి వ్యవహారం. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణి గారిది తెనాలి. బలరాముడు గుమ్మడి గారిది తెనాలి దగ్గరి రావికంపాడు. ఘటోత్కచుడి భోజనపు పాటకు గొంతునిచ్చిన మాధవపెద్ది సత్యం గారిది పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు. మా బాపట్లకు కూతవేటు దూరమని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. (కూత కాస్త గట్టిగా వేయాలి లెండి!) గుమ్మడి గారు రంగుల ప్రతిని చూసిన కొద్ది రోజులకే, విడుదలకు నాలుగు రోజుల ముందు, 2010 జనవరి 26న కన్నుమూశారు. తన యౌవనాన్ని రంగుల్లో చూసుకుని మరీ వెళ్ళిపోయారాయన.

ఆ సినిమాకు నాన్నగారిని గుంటూరు తీసుకువెళ్ళాను. యథాప్రకారం ఎడమ వైపు చివరి కుర్చీయే అడిగారు. బయటికి వచ్చాక ఎలా ఉందని అడిగితే, "పద్యం అక్షరం అక్షరం వినపడిందిరా, ఆ గరగర లేదు" అని ఎంతో సంతోషించారు. ఆయన మెచ్చుకున్నది శుభ్రతను. వెనక నుంచి, పక్క నుంచి ఏం వినిపించిందన్న ఊసే ఎత్తలేదు. ఎడమ గోడ మీది స్పీకర్లు ఆయన పనిచేయని చెవి పక్కనే ఉన్నాయని నాకు అప్పుడూ తట్టలేదు. పదిహేనేళ్ళు ఆలస్యంగా తట్టింది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులను మనం ఒకే పేరుతో పిలుస్తున్నామని నాకనిపిస్తుంది. ఒకటి శుభ్రపరచడం. గీతల చప్పుడు, బరబర, విద్యుత్తు గుయ్యిమనే రొద తీసివేసి ఉన్న పాటను ఉన్నట్టుగా తేటపరచడం. రెండవది మళ్ళీ అమర్చడం. ఒకే చోట నుంచి వచ్చిన ధ్వనిని ఆరు చోట్లకు పంచడం. అమ్మ పెళ్ళి పట్టుచీరను జాగ్రత్తగా శుభ్రం చేయించి మడత పెట్టడం ఒకటి. దాన్ని కత్తిరించి మనవరాలికి పరికిణీ కుట్టించడం ఇంకొకటి. రెండవది తప్పేమీ కాదు, పరికిణీ ఎంతో అందంగానూ ఉండవచ్చు. కాని దాన్ని చూపించి "ఇదే అమ్మ పెళ్ళి చీర" అంటే మాత్రం ఒప్పుకోలేం.

1950లలో మద్రాసు స్టూడియోలలో పాట రికార్డింగు అంటే గాయనీగాయకులు, వాద్యబృందం అందరూ ఒకేసారి చేరి, మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున పాడి వాయించడం. మైకులు కొద్ది. అవి పట్టుకున్నదంతా చివరికి ఒకే దారిలోకి చేరాలి. గట్టిగా మోగే వాద్యాన్ని దూరంగా, మెత్తగా పలికేదాన్ని దగ్గరగా కూర్చోబెట్టేవారు. ఎవరు ఎంత వినపడాలన్నది తరువాత మీట తిప్పి తేల్చే పని కాదు, ముందుగానే మనుషులను అటూ ఇటూ జరిపి తేల్చుకున్న పని. ఆ కొలత ఒకసారి పాటలో పడిపోతే ఇక విడదీయరానిది.

అంతకంటే లోతైన సంగతి ఒకటుంది. ఇరుకు గుమ్మంలో నుంచి పెళ్ళివారంతా లోపలికి రావాలంటే ఏం చేస్తారు? ఒకరి తరువాత ఒకరు వస్తారు. మోనో పాటలో స్వరకర్త చేసిందీ అదే. అన్ని ధ్వనులూ ఒకే చోటి నుంచి రావలసి ఉండటం వల్ల, వాటిని స్థలంలో కాక కాలంలో విడదీశారు. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో వేణువు వస్తుంది. వేణువు తప్పుకుంటే వయొలిన్లు వస్తాయి. గొంతు పైస్థాయిలో ఉంటే తోడు వాద్యం కిందికి దిగుతుంది. సాలూరు రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకోగా ఘంటసాల గారు పూర్తిచేసిన 'మాయాబజార్' సంగీతంలో ఈ మర్యాద అడుగడుగునా వినిపిస్తుంది. ఆ వెన్నెల పడవ పాటను కళ్ళు మూసుకుని వినండి. ఎవరూ ఎవరినీ తోసుకోరు. ఇప్పుడు ఆ గుమ్మం పక్కనున్న గోడలు పడగొట్టి ఆరు గుమ్మాలు పెట్టామనుకోండి. వరుసలో నడిచి వచ్చినవాళ్ళు ఏం చేయాలి? దూరదూరంగా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి! అప్పటిదాకా నిండుగా ఉన్న పాటలో ఖాళీలు కనబడతాయి. ఆ ఖాళీలను నింపడానికి కృత్రిమమైన ప్రతిధ్వని కలపవలసి వస్తుంది, లేదా కొత్త వాద్యాలు వాయించి చేర్చవలసి వస్తుంది.

నేను సంక్రాంతినాడు చేసింది ఇటువంటిదే. ఆ ఆంప్లిఫయరుకు ఒక మీట ఉంది. ఎటువంటి పాటనైనా ఆరు స్పీకర్లకూ పంచేస్తుంది. ఘటోత్కచుడి పాట పెట్టి ఆ మీట నొక్కాను. సత్యం గారి నవ్వు ఒక మూల నుంచి మొదలై గది అంతటా పలచబడింది. కొండంత మనిషి నవ్వు కొండ చుట్టూ కమ్మిన పొగమంచులా అయింది. ఆ నవ్వుకు బలం అది ఒక్క చోట నుంచి, ఒక్క ఛాతీలో నుంచి రావడం వల్లనే కదా!

మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. "అది పాత పద్ధతి మామయ్యా. ఇప్పుడు గొంతు వేరు, వాద్యాలు వేరు చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి" అన్నాడు. నిజమే. బీటిల్స్ బృందం పాత టేపుల నుంచి గొంతులను, వాద్యాలను విడదీసే యంత్రవిద్యను పీటర్ జాక్సన్ బృందం 2021 నాటి డాక్యుమెంటరీ కోసం తయారుచేసింది. దాని సాయంతోనే 2022లో 'రివాల్వర్' ఆల్బమ్‌కు కొత్త మిశ్రమం వచ్చింది. ఇటువంటి సాధనాలు ఇప్పుడు ఇంట్లో కంప్యూటరులోనే పనిచేస్తున్నాయి. మావాడు పది నిమిషాల్లో సత్యం గారి గొంతును విడదీసి వినిపించాడు.

ఆశ్చర్యపోయిన మాట దాచను. వాద్యాలేవీ లేకుండా ఆ గొంతును వినడం ఒక అనుభవం. కాని ఆ గొంతు చివర్లను కాస్త శ్రద్ధగా వింటే, అక్కడ ఏదో చెదలు తిన్నట్టుంది. విడదీసిన వాద్యాల భాగంలోనేమో గొంతు నీడ మిగిలిపోయింది. ఎందుచేతనంటే, ఆ గదిలో వాద్యాల మోత గాయకుడి మైకులోకి, గాయకుడి గొంతు వాద్యాల మైకులోకి అప్పుడే పోయి కలిసిపోయాయి. గది గోడలకు తగిలి తిరిగి వచ్చిన ధ్వని గొంతుదా, వాద్యానిదా? యంత్రం ఎటో ఒక వైపు తీర్పు చెప్పాలి కనుక చెబుతుంది. అసలు సంగతేమిటంటే అది ఇద్దరిదీ. పాలలో కలిసిన పంచదారకు వాటాలు వేయడం వంటి పని ఇది. రేపు యంత్రం ఇంకా తెలివిమీరుతుంది, చెదలు కనబడనంత నేర్పుగా విడదీస్తుంది. అప్పుడు కూడా అది చేసేది ఊహే. మరింత నమ్మదగిన ఊహ, అంతే.

"ఘంటసాల గారికి ఆరు స్పీకర్లు ఇచ్చి ఉంటే వాడుకునేవారు కారా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తప్పకుండా వాడుకునేవారనే నా నమ్మకం. అయితే వాటి కోసం ఆయన వేరే విధంగా వాద్యాలను కూర్చేవారు. గుమ్మాలు ఆరని ముందే తెలిసినవాడు పెళ్ళివారిని వరుసలో నడిపించడు. ఆయన కూర్చిన పాటను ఆయన కూర్చని పద్ధతిలో పరచి, ఆయన బ్రతికి ఉంటే ఇలాగే చేసేవారనడం మన కోరికను ఆయన నోట పలికించడమే. 'మొఘల్-ఏ-ఆజమ్' 2004లో రంగుల్లోనూ, కొత్త ధ్వనిలోనూ వచ్చినప్పుడు సంగీత దర్శకుడు నౌషాద్ జీవించే ఉన్నారు. మనకా అదృష్టం లేదు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో, ఘంటసాల గారు 1974లో, రాజేశ్వరరావు గారు 1999లో, సత్యం గారు 2000లో వెళ్ళిపోయారు. అడగడానికి స్వరకర్తలు లేరు, వేర్వేరు ట్రాకుల టేపులూ లేవు. అడగడానికి మనిషి లేనప్పుడు చేతికి కొంచెం భయం ఉండాలి.

పాశ్చాత్యులలోనూ ఒంటి చెవి మనిషి ఒకాయన ఉన్నాడు. బీచ్ బాయ్స్ బృందానికి చెందిన బ్రయన్ విల్సన్, 2025 జూన్‌లో మరణించాడు. ఆయన కుడి చెవి దాదాపు వినపడనిది. 1966 నాటి 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌ను ఆయన మోనోలోనే తీర్చిదిద్దాడు. అన్ని వాద్యాలూ ఒక చెవికి అందేలా కలిపిన ఆ పాటలను గొప్ప ఆల్బమ్‌లలో ఒకటిగా లోకం ఇప్పటికీ తలకెత్తుకుంటున్నది. విడి టేపులు మిగిలి ఉండటం వల్ల 1997లో దానికి స్టీరియో మిశ్రమం వచ్చింది. అయినా మోనో ప్రతి అటకెక్కలేదు. రెండూ దొరుకుతూనే ఉన్నాయి. నాన్నగారికి ఆయన పేరు కూడా తెలియదు. కాని ఆ ఇద్దరూ ఎదురుపడితే ఒకరి కుర్చీ ఎక్కడ వేయాలో మరొకరికి చెప్పవలసిన అవసరం ఉండదనుకుంటాను.

మోనోలో ఉన్న గొప్పతనం అది. దానికి "సరైన చోటు" అంటూ లేదు. మా ఇంట్లో రేడియో వసారాలో ఉండేది. విజయవాడ కేంద్రం నుంచి వచ్చే పాటను వంటింట్లో అమ్మ, వసారాలో నాన్నగారు, వీధి అరుగు మీద మేము, అందరం ఒకే పాటగా వినేవాళ్ళం. శ్రీరామనవమి పందిట్లో రేపల్లె నుంచి తెప్పించిన మైకుసెట్టు పెట్టి, చెట్టుకు హార్ను కడితే, ఆ పాట నాలుగు వీధులకూ ఒకే పాట. చుట్టుధ్వని అలా కాదు. దాని సంపూర్ణమైన పాట ఒకే ఒక్క కుర్చీకి వినిపిస్తుంది. మిగతావారికి దక్కేది ఆ కుర్చీ చుట్టూ పడిన ముక్కలే. ఒంటరిగా కూర్చుని 'డార్క్ సైడ్' వినేవాడికి అది వరం. పదిమంది కలిసి వినడానికి పుట్టిన పాటకు మాత్రం అది కొలత కుదరని చొక్కా.

అందుచేత పాత పాటలకు కొత్త రూపం ఇచ్చేవారికి నా విన్నపాలు మూడు. శుభ్రపరచండి. గరగరలో కవిత్వం ఉందని నేననను, రొద పోతే పద్యం బ్రతుకుతుంది. అయితే రొదతోపాటు గాయకుడి ఊపిరిని కూడా తీసివేయకండి. రెండవది, కొత్త అమరికను తెచ్చినప్పుడు శుభ్రపరచిన మోనోను కూడా దాని పక్కనే ఉంచండి. 2003 నాటి ఆ పింక్ ఫ్లాయిడ్ డిస్కులో 5.1తోపాటు పాత స్టీరియో కూడా ఉన్నది, వినేవాడి ఇష్టం వినేవాడిది. మూడవది, ఏది పాతదో, ఏది మీరు చేర్చినదో అట్ట మీద నాలుగు వాక్యాల్లో రాయండి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. ఇవి చేయకపోతే జరిగేదేమిటంటే, ఇంకో ఇరవయ్యేళ్ళకు పిల్లలు ఆరు ముక్కలైన పాటనే అసలు పాట అనుకుంటారు. పోల్చి చూడడానికి వారి దగ్గర మరొకటి ఉండదు. పాత ప్రతి పోవడమంటే ఎవరో తగలబెట్టడమే కానక్కరలేదు. ఎవరూ అడగకపోతే చాలు.

కనుమనాటి సాయంత్రం తీగలన్నీ చుట్టేశాను. మధ్యన పెట్టిన స్పీకరు ఒక్కదాన్ని మాత్రం తీసి, నాన్నగారి కుర్చీకి కుడి పక్కన, కిటికీ గూట్లో పెట్టాను. ఆంప్లిఫయరులో "మోనో" అన్న మీట ఎక్కడో అడుగున దాక్కుని ఉంటే వెతికి పట్టుకున్నాను. భోజనపు పాట మళ్ళీ మొదలైంది. నాన్నగారు కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ విన్నారు. వంటింట్లో నుంచి అమ్మ, "కాస్త పెంచరా, నాకూ వినపడుతుంది" అంది.

మిగిలిన స్పీకర్లు నాతో హైదరాబాదు తిరిగి వచ్చాయి. వాటిలో గడియారాలు ఇప్పటికీ అద్భుతంగా మోగుతాయి. మీ ఇంట్లో పాత పాటలు వినే పెద్దవారు ఉంటే, వారి కోసం కొత్త స్పీకర్లు కొనే ముందు వారు ఎక్కడ కూర్చుని వింటారో, ఏ చెవితో వింటారో ఒక్కసారి గమనించండి. నేను ఆ పని చేయడానికి ఇంత ఆలస్యమైంది.